శాస్త్రం లెక్కకూ కాటా పరీక్ష కావాలి

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలుకొచ్చిన రైతు మొదట చూసేది ధర కాదు, కాటా. ఒకప్పుడు ముల్లు నడిమికి నిలబడిందా లేదా అని వంగి చూసేవాడు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా మీద అంకె సున్నాకు వచ్చిందా అని చూస్తాడు. తరుగు పేరుతో ఎన్ని కిలోలు కోస్తారో తేల్చుకున్నాకే మూట దించుతాడు. ఇది రైతుకు పుట్టుకతో వచ్చిన అనుమానం కాదు. రాయి వ్యాపారిది, కాటా పట్టే చెయ్యి వ్యాపారిది, చీటీ రాసే గుమాస్తా వ్యాపారి మనిషి అయినప్పుడు క్వింటాలుకు ఎంత గాలికి పోతుందో తరతరాలుగా అనుభవించి నేర్చుకున్న తెలివి. అందుకే ముద్ర లేని కాటా మాకొద్దని రైతులు పోట్లాడుతూ వచ్చారు. "ఫలానా సేటు పెద్దమనిషి, ఆయన కాటాకు ముద్ర ఎందుకప్పా?" అని ఎవరైనా అంటే యార్డులో నవ్వుతారు.

మరి అదే రైతు, అదే కూలీ, "శాస్త్రవేత్తలు తేల్చేసినారు" అనే మాట వినగానే ఎందుకు నోరు మూసుకోవాలి? ఏ కాటా మీద తేల్చారు, ఆ కాటాకు ముద్ర ఎవరు వేశారు అని ఎందుకు అడగకూడదు? గత పాతికేళ్ళలో కర్నూలు, కడప జిల్లాల జనానికి విత్తనం గురించి, వాన గురించి, తాగే నీళ్ళ గురించి శాస్త్రం పేరు మీద ఎన్నో మాటలు చెప్పారు. కొన్ని నిజమైనాయి. కొన్ని అబద్ధమైనాయి. కొన్ని ఇప్పటికీ తేలలేదు. తేలని మాటకు మూల్యం చెల్లించింది మాత్రం చెప్పినోళ్ళు కాదు.

శాస్త్ర ప్రపంచంలో కాటా పరీక్ష లేకపోలేదు. ఇంగ్లీషులో దాన్ని పీర్ రివ్యూ అంటారు. మన మాటల్లో సాటి శాస్త్రవేత్తల తనిఖీ. ఒక పరిశోధకుడు తాను కనుక్కున్నది రాసి శాస్త్ర పత్రికకు పంపుతాడు. సంపాదకుడు దాన్ని వెంటనే అచ్చు వేయడు. అదే పనిలో చేయి తిరిగిన ఇద్దరు ముగ్గురికి పంపుతాడు. వాళ్ళు రాసినవాడి బంధువులు కాకూడదు, అతనికి జీతమిచ్చేవాళ్ళు కాకూడదు. మొహమాటం అడ్డు రాకూడదని చాలా పత్రికలు వాళ్ళ పేర్లు కూడా బయటపెట్టవు. ఈ పనికి సాధారణంగా కూలి ఉండదు. (వెట్టి అక్కడ కూడా ఉందన్నమాట!) వాళ్ళు అడిగే ప్రశ్నలు మన రచ్చబండ దగ్గర పెద్దమనుషులు అడిగే ప్రశ్నల్లాంటివే. ఎన్ని చేలల్లో చూసినావు? ఏ ఏడు చూసినావు, వాన పడిన ఏడా, ఎండిన ఏడా? పోల్చుకోవడానికి పక్కన పెట్టుకున్న చేను ఏది? దుడ్లు ఎవరిచ్చినారు? జవాబు సరిగా లేకపోతే కాగితం వెనక్కి పోతుంది. ఉంటే అచ్చవుతుంది. అచ్చయ్యాక అసలు తనిఖీ మొదలవుతుంది, ఎందుకంటే ప్రపంచంలో ఎవరైనా అదే పని మళ్ళీ చేసి తప్పు పట్టవచ్చు.

ఇదేమీ అనాదిగా వస్తున్న ఆచారం కాదు. ఇంగ్లండులో అచ్చయ్యే 'నేచర్' అనే పేరుమోసిన పత్రిక కూడా ప్రతి పరిశోధన కాగితానికీ ఈ తనిఖీ తప్పనిసరి చేసింది 1973లోనే. మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో తయారైన పత్తి వంగడం 'నరసింహ', కొర్ర వంగడం 'సూర్యనంది' మన చేలల్లోకి వచ్చిన దారి చూస్తే ఈ తనిఖీ విలువ తెలుస్తుంది. నంద్యాలలో పుట్టిన విత్తనాన్ని నంద్యాల వాళ్ళే మెచ్చుకుంటే చాలదు. అఖిల భారత సమన్వయ పథకం కింద కొత్త వంగడాన్ని వేరే రాష్ట్రాల పరిశోధనా స్థానాలకు పంపుతారు. ఏ ఊరిదో తెలియకుండా నంబరు మాత్రమే వేసి పంపుతారు. వేరే నేల, వేరే వాన, వేరే చేతులు. వరుసగా కొన్నేళ్ళు నిలబడితేనే విడుదల. ఇది ప్రజల సొమ్ముతో, ప్రజల సంస్థలు, ప్రజల కోసం చేసిన తనిఖీ. ఇందులోనూ లోపాలు లేకపోలేదు. కానీ కాటా అమ్మేవాడి చేతిలో లేదు. ఆ తేడా గుర్తు పెట్టుకోవాలి.

ఎందుకంటే బీటీ పత్తి విషయంలో కాటా ఎవరి చేతిలోకి పోయిందో చూస్తే కథంతా అర్థమవుతుంది.

2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మహికో-మోన్‌శాంటో కంపెనీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. మెక్ 12, మెక్ 162, మెక్ 184 అనే మూడు హైబ్రిడ్లు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అమెరికాలో అచ్చయ్యే 'సైన్స్' పత్రికలో మతీన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మాన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తల వ్యాసం వచ్చింది. భారతదేశంలో బీటీ పత్తి దిగుబడి 80 శాతం ఎక్కువని దాని సారాంశం. ప్రపంచమంతా ఆ అంకెను ఎత్తుకుంది. అది తనిఖీ జరిగిన వ్యాసమే, ఊరూ పేరూ లేని పత్రిక కాదు. అయితే ఆ లెక్క ఎక్కడిది? అనుమతి రాకముందు, 2001లో కంపెనీ తరఫున జరిగిన ప్రయోగాల నుంచి తీసుకున్న 157 చేల లెక్క. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడు చేలు. అందులో మన రాష్ట్రం చేను ఒక్కటీ లేదు. తనిఖీ చేసిన పండితులు కూడికలు, తీసివేతలు సరిగ్గానే చూసుంటారు. కాటాకు ముద్ర ఉంది. కానీ తూకానికి పెట్టింది వ్యాపారి ఎంచి తెచ్చిన మూట!

ఇక్కడ నేల మీద జరిగింది వేరు. 2002 కరువు ఏడు. వరంగల్ జిల్లాలో ఆ విత్తనం వేసిన రైతుల చేలకు వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైన అబ్దుల్ ఖయ్యూం, ఆయనతో కిరణ్ సక్కరి వెళ్ళారు. ఒక్కరోజు పోయి ఫోటో తీసుకుని రాలేదు. పంట కాలం పొడుగునా తిరిగి లెక్క రాశారు. బీటీ వేసిన చిన్న రైతు నష్టపోయాడని 2003లో నివేదిక ఇచ్చారు. దాన్ని 'స్వచ్ఛంద సంస్థల గొడవ' అని కొట్టిపారేశారు. అది పెద్ద పత్రికలో రాలేదు మరి! కానీ 2005లో కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీయే ఆ మూడు హైబ్రిడ్లకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి నిరాకరించింది. అంతేకాదు, అదే ఖైమ్ మరికొందరితో కలిసి 2002 పంటపై రైతుల దగ్గర స్వయంగా సర్వే చేయించి 2006లో మరో వ్యాసం అచ్చు వేశాడు. తక్కిన రాష్ట్రాల్లో సగటున లాభం కనిపించినా ఆంధ్రప్రదేశ్‌లో బీటీ వేసినవాళ్ళకు మేలు జరగలేదని అందులో ఉంది. తన పాత మాటకు చేర్పు తానే రాసుకున్నాడు. శాస్త్రంలో గౌరవించాల్సింది ఈ గుణాన్నే.

బీటీ అంతా మోసం అని మనం అనడం లేదు. తర్వాతి ఏళ్ళలో వచ్చిన హైబ్రిడ్లతో పచ్చపురుగు మందు ఖర్చు తగ్గిందని కర్నూలు రైతులే చెబుతారు. ఆ మాటా లెక్కలోకి రావాల్సిందే. 2010లో గుజరాత్‌లో గులాబీ పురుగు బీటీకి లొంగడం లేదని కంపెనీయే ఒప్పుకుంది. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన కె.ఆర్. క్రాంతి, వరంగల్ పల్లెల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన అమెరికన్ పరిశోధకుడు గ్లెన్ స్టోన్ కలిసి 2020లో 'నేచర్ ప్లాంట్స్' అనే పత్రికలో ఇరవై ఏళ్ళ లెక్క తిరగేశారు. దిగుబడి పెరుగుదలలో ఎరువులు, నీటి సౌకర్యం, కొత్త పురుగుమందుల వాటా ఎంతో చూపించారు. బీటీకి కట్టిన కిరీటంలో చాలా రాళ్ళు వేరేవాళ్ళవి. అయితే ఈ నిజం బయటపడటానికి పట్టిన కాలంలో ఎన్ని పొలాలు తాకట్టులోకి పోయాయి?

పొలమున్నవాడి నష్టం కనీసం కాగితం మీదికి ఎక్కుతుంది. కూలీల నష్టం ఎక్కడా ఎక్కదు. విత్తనం మొండికేసి పత్తి కాయకపోతే కలుపు పని లేదు, పత్తి తీసే పని లేదు. బీమా పాలసీ కూలీ పేరు మీద ఉండదు. కౌలు రైతు పేరు మీద ఉండటమూ అరుదే. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ తాళం వేసుకుని గుంటూరు మిరపకాయ తోటలకు సుగ్గికి పోతారు. పిల్లల బడి ఆగుతుంది. ముసలివాళ్ళు ఊర్లో ఒంటరిగా మిగులుతారు. అమెరికా పత్రికలో ఒక అంకెను సరిగ్గా తనిఖీ చేయకపోవడానికీ, కోసిగిలో ఒక ఇంటికి తాళం పడటానికీ సంబంధం ఉందా అంటే, ఉంది.

ఇక వాన సంగతి. 2003 తర్వాత కొన్నేళ్ళు మన ప్రభుత్వాలు రాయలసీమ ఆకాశంలో విమానాలు తిప్పించి మేఘమథనం చేయించాయి. ముఖ్యమంత్రి మారాడు, పార్టీ మారింది, విమానం మారలేదు. మబ్బులో ఉప్పు రకాలో సిల్వర్ అయొడైడో పొగగా చల్లితే వాన పెరుగుతుందనేది సిద్ధాంతం. చల్లిన తర్వాత వాన కురిస్తే "చూశారా!" అన్నారు. అయితే చల్లకపోయినా ఆ మబ్బు కురిసేదేమో? ఈ ప్రశ్న మన పశువుల కాపరి కూడా అడుగుతాడు. దీనికి జవాబు ఒకటే దారిలో దొరుకుతుంది. చల్లదగిన మబ్బులన్నీ ఎంచి, చీటీలు వేసి, సగం మబ్బులకు చల్లి, సగం వదిలేసి, రెంటి కింద పడిన వాన కొలిచి పోల్చాలి. మన దగ్గర నడిచింది కరువు సహాయం పేరుతో నడిచిన కార్యక్రమం. అట్లాంటి పరీక్ష కాదు.

ఇజ్రాయెల్ కథ దీనికి పాఠం. 1960, 70 దశకాల్లో ఆ దేశంలో చేసిన ప్రయోగాల్లో పదిహేను శాతం దాకా వాన పెరిగిందని అక్కడి శాస్త్రవేత్తలు అచ్చు వేశారు. ప్రపంచంలో మేఘమథనం కంపెనీలన్నీ దాన్నే చూపించి కాంట్రాక్టులు తెచ్చుకున్నాయి. 1995లో రాంగ్నో, హాబ్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ పాత లెక్కలన్నీ విప్పి మళ్ళీ చూసి, అది మందు మహిమ కాదు, సహజంగా పడిన వానలో తేడా అని వాదించారు. పెద్ద రభస అయింది. చివరకు ఆ దేశమే 2013 నుంచి 2020 దాకా ఏడు చలికాలాలు చీటీలు వేసి కొత్తగా పరీక్ష పెట్టింది. తేలిన పెరుగుదల రెండు శాతం కూడా లేదు. అదీ నమ్మదగిన తేడా కాదు. మన పూణే వాతావరణ పరిశోధనా సంస్థ 2018, 2019లలో షోలాపూర్ మీద చీటీలు వేసే పద్ధతిలో చేసిన ప్రయోగంలో కొంత ప్రాంతంలో సుమారు 18 శాతం పెరుగుదల కనిపించిందని 2023లో ప్రకటించింది. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకోలేదు. కానీ మబ్బే లేని ఆకాశంలో ఏం చల్లినా వాన రాదు. మనకు కరువంటే అసలు మబ్బు రాకపోవడమే కదా. విమానాలకు పోసిన డబ్బుతో ఎన్ని చెరువుల పూడిక తీయవచ్చో లెక్క కట్టేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. వినేవాళ్ళు లేరు.

ప్రకృతి వ్యవసాయం విషయం ఇంకా సున్నితం. రసాయన ఎరువుల కంపెనీల చేతుల్లో నుంచి రైతు బయటపడాలని కోరేది మనమే. అప్పుచేసి యూరియా కొనే బాధ మనకు తెలుసు. అయినా సరే, 2018లో నాటి ప్రభుత్వం 2024 నాటికి అరవై లక్షల మంది రైతులనూ, ఎనభై లక్షల హెక్టార్లనూ ప్రకృతి వ్యవసాయంలోకి తెస్తామని ప్రకటించినప్పుడు ఆ ప్రకటన వెనక ఎన్ని ఏళ్ళ, ఎన్ని నేలల తనిఖీ ఉందని అడగాల్సింది. ఆ గడువు దాటిపోయింది, అంకె చేరలేదు. 2019 ఆగస్టులో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెద్దలు సమావేశమై, ఇది రుజువు కాని పద్ధతి అని ప్రధానమంత్రికే చెప్పారు. వాళ్ళ మాటే వేదమా అంటే అదీ కాదు. హరిత విప్లవం నష్టాల గురించి ఆ పెద్దల్లో చాలామంది ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్నవాళ్ళే.

ఆ తర్వాత తనిఖీ జరిగిన కాగితాలు వచ్చాయి. 2020లో స్కాట్లండ్ శాస్త్రవేత్తలు, అసలే తక్కువ ఎరువు వేసే పేద రైతుకు ఈ పద్ధతిలో నష్టం ఉండకపోవచ్చు గానీ బాగా ఎరువు వేసి ఎక్కువ పండించేచోట నత్రజని చాలక దిగుబడి తగ్గే ప్రమాదం ఉందని లెక్క కట్టారు. మన రాష్ట్రంలోనే మళ్ళు వేసి చూసిన ఇంగ్లండు రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు, ప్రకృతి వ్యవసాయంలో దిగుబడి మెరుగ్గా ఉందని 2023లో రాశారు. ఈ రెండో పనిలో పథకం నడిపే రైతు సాధికార సంస్థ మనుషులూ రచయితలుగా ఉన్నారు. దాచలేదు, కాగితం మీదే ఉంది. అది మంచిదే. అయితే పథకం నడిపే చేతితో సంబంధం లేని చేతులు కూడా పత్తికొండ ఎర్రనేలలో, జమ్మలమడుగు నల్లరేగడిలో అదే పని చేసి చూడాలి. ఇప్పుడు పులివెందులలో జర్మనీ సాయంతో ఇందుకోసమే ఒక పరిశోధనా అకాడమీ పెట్టారు. అక్కడి లెక్కలు పొగడ్త పుస్తకాలుగా కాక, ఎవరైనా తప్పు పట్టగలిగే కాగితాలుగా బయటికి రావాలి. ఇంకో ప్రశ్న కూడా వాళ్ళ ముందుంచుతున్నాం. ఘనజీవామృతం కలిపే చాకిరీ ఎవరిది? అది ఇంటి ఆడవాళ్ళ మీద పడితే 'పెట్టుబడి తగ్గింది' అన్న లెక్కలో వాళ్ళ కూలి వేశారా?

పులివెందుల నుంచి వేముల మండలం ఎంతో దూరం లేదు. అక్కడి తుమ్మలపల్లెలో ఈ మొత్తం సమస్య నీళ్ళ రూపంలో నిలబడి ఉంది.

2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన అయింది. 2012లో కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ మిల్లును ప్రారంభించారు. ఇక్కడి ఖనిజం నాసిరకం. టన్ను రాయి పిండి చేస్తే యురేనియం అర కిలో కూడా రాదు. మిల్లు సామర్థ్యం రోజుకు మూడు వేల టన్నులు. సున్నపు రాయి జాతి కాబట్టి సోడా కలిపి ఉడికించి యురేనియం లాగుతారు. మిగిలిన బురద కొట్టాల దగ్గర కొండల నడుమ కట్టిన చెరువులోకి పోతుంది. ఆ చుట్టుపక్కల మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె రైతులు చెప్పేది ఏమంటే, బోరు నీళ్ళు మారిపోయినాయి, అరటి గెలలు ఎండిపోతున్నాయి, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయి, గొర్రెలు చస్తున్నాయి అని. సంస్థ చెప్పేది ఏమంటే, ఈ నేల పొరల్లోనే యురేనియం సహజంగా ఉంది, నీళ్ళలో కనిపించేది అదే, చెరువు నుంచి ఊట లేదు అని.

ఎవరిది నిజం? ఇది ఆవేశంతో తేలే విషయం కాదని ఒప్పుకోవాలి. కడప నేలలో యురేనియం సహజంగా ఉండటం నిజమే. లేకపోతే గని ఎందుకు తవ్వుతారు? కానీ తేల్చే దారి ఉంది. గని రాకముందు ఏ బోరులో ఎంత ఉందో, ఇప్పుడెంత ఉందో చూడాలి. చెరువుకు పైన ఉన్న బోర్లనూ దిగువన ఉన్న బోర్లనూ పోల్చాలి. యురేనియంతో పాటు మిల్లులో వాడే సోడియం కూడా పెరిగిందా అని చూడాలి. వానకు ముందు, వాన తర్వాత చూడాలి. సాటి శాస్త్రవేత్త ఎవరైనా అడిగే మొదటి నాలుగు ప్రశ్నలు ఇవే. ఈ లెక్కలన్నీ బయట పెట్టి, తప్పుంటే పట్టండి అంటే వివాదం సగం తీరిపోతుంది.

అట్లా ఎందుకు జరగదు? కాటా ఎవరిదో చూడండి. పర్యావరణంపై ప్రభావం అంచనా వేసే నివేదిక తయారు చేసే కన్సల్టెంటుకు, 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, డబ్బులిచ్చేది ప్రాజెక్టు పెట్టే సంస్థే. ఇక అణు రంగం కాబట్టి నమూనాలు చూసేది అణుశక్తి శాఖ కింది ప్రయోగశాలలే. మీద నిఘా ఉంచాల్సిన అణుశక్తి నియంత్రణ బోర్డు కూడా అణుశక్తి కమిషన్‌కే జవాబుదారీగా ఉంటూ వచ్చింది. ఆ బోర్డుకు తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదికే తప్పు పట్టింది. తాగే నీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, ఈ బోర్డు పెట్టిన హద్దు 60. వీటన్నిటి మీద 1962 అణుశక్తి చట్టం రహస్యం అనే దుప్పటి కప్పుతూ వచ్చింది. గుమాస్తా వ్యాపారి మనిషి, రాయి వ్యాపారిది, ఇప్పుడు చీటీ కూడా చూపించరు. దేశ రక్షణకు బాంబు రహస్యం కావచ్చు. భూమయ్యగారిపల్లె బోరు నీళ్ళ లెక్క రహస్యం ఎట్లవుతుంది?

ఆ దుప్పటి కొంతైనా తొలగించింది ఒక రిటైరైన శాస్త్రవేత్త. హైదరాబాదు రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసిన కె. బాబూరావు ఊర్లు తిరిగి, కాగితాలు చదివి, అనుమతి షరతుల్లో ఉన్నట్టు చెరువు అడుగున ఊట పట్టని పొర వేయలేదని 2018లో కాలుష్య నియంత్రణ మండలికి రాశారు. మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. 2019లో నిపుణుల కమిటీని కూడా వేసింది. గమనించండి, ఆయన చేసింది సరిగ్గా సాటి శాస్త్రవేత్త తనిఖీయే. ఎవరూ పిలవలేదు, జీతం ఇవ్వలేదు. ఊరివాళ్ళ ఫిర్యాదును ఏళ్ళ తరబడి 'అపోహ' అన్నవాళ్ళు, అదే మాట లెక్కలతో ఒక శాస్త్రవేత్త రాసేసరికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రజా ఉద్యమానికి శాస్త్రజ్ఞుల అవసరం ఎందుకో ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు. శాస్త్రజ్ఞులకు ప్రజా ఉద్యమం అవసరమూ అంతే. వెనక జనం లేని ఉత్తరం బీరువాలో పడి ఉంటుంది.

అచ్చయినదంతా తనిఖీ అయినదని మోసపోకూడదు కూడా. డబ్బు కడితే ఏ చెత్తనైనా అచ్చు వేసే దొంగ పత్రికలు దేశంలో పుట్టగొడుగుల్లా లేచాయి. 2018 మేలో యూజీసీ తన జాబితా నుంచి ఒక్కసారే 4,305 పత్రికలను తీసేయాల్సి వచ్చింది. ప్రమోషన్ల కోసం కాగితాలు లెక్కపెట్టే పద్ధతి పెట్టినవాళ్ళే ఈ దొంగ సరుకుకు అంగడి తెరిచారు. ఏ ఎరువు కంపెనీ ఏజెంటో 'జర్నల్‌లో వచ్చింది' అని కాగితం చూపిస్తే, ఏ జర్నల్, ఎవరి డబ్బు, ఎన్ని చేలు అని అడగాలి.

మన కార్యకర్తలకు ఒక మాట చెప్పక తప్పదు. తనిఖీ ఎదుటివాడికే కాదు, మనకూ కావాలి. ఊర్లో పది గొర్రెలు చచ్చిపోయాయని తెలిస్తే కరపత్రంలో వంద అని రాయడం ఉద్యమానికి మేలు చేయదు. ఒక్క తప్పుడు అంకె దొరికితే పాలకులు మన తొంభై తొమ్మిది నిజాలనూ అబద్ధాల మూటలో కట్టేస్తారు. ఏ రోజు చచ్చింది, ఏ బోరు నీళ్ళు తాగింది, బోరు లోతు ఎంత, పశువుల డాక్టరు చూశాడా, ఇవన్నీ నోటు పుస్తకంలో రాయాలి. రాసింది ఇంకో ఊరి సంఘం వాళ్ళ చేత చూపించాలి. ఖయ్యూం పంట కాలమంతా చేల వెంట తిరిగి చేసిన పని అట్లాంటిదే. అందుకే అది నిలబడింది.

వేముల మండలం పల్లెల్లో ఇప్పుడు చేయాల్సిన పని చిన్నదే, ఖర్చు తక్కువది. నీటి నమూనా తీసేటప్పుడు గ్రామస్తులు, వ్యవసాయ కార్మిక సంఘం ప్రతినిధి పక్కన ఉండాలి. ఒకే బోరు నీళ్ళు ఒకే సమయంలో రెండు సీసాల్లో పట్టాలి. రెంటికీ అందరి ముందే సీలు వేయాలి. ఒకటి సంస్థ ప్రయోగశాలకు పోనీ. రెండోది అణుశక్తి శాఖ కింద లేని ప్రయోగశాలకు పోవాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. చెరువుకు పైన ఉన్న బోర్లు, కింద ఉన్న బోర్లు రెండూ జాబితాలో ఉండాలి. రెండు ఫలితాలూ తెలుగులో, పక్కపక్కన, పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. గని రాకముందు తీసిన పాత లెక్కలు ఉంటే వాటినీ పక్కనే పెట్టాలి. ఈ డిమాండుతో గ్రామసభ తీర్మానం చేసి కలెక్టరుకు పంపాలి. ఎండాకాలం వచ్చి బోర్లు అడుగంటకముందే మొదటి విడత సీసాలు నిండాలి.